చింతపండుతో తోమిన కత్తి

ఈ నెలాఖరుకు నా వీసా అయిపోతుంది. ఇరవై ఆరేళ్ళు మస్కట్ పట్నంలోని అల్ ఖువైర్‌లో ఒకే ఇంట్లో పనిచేశాను. వంటకని వచ్చాను. జపాన్ పాత కత్తులను చూసి అవి ఏ కాలానివో, నిజమైనవో కావో చెప్పే మనిషినై వెళ్తున్నాను. ఇందులో నా గొప్పతనం చాలా తక్కువ. వేములవాడ రాజన్న దయ, మా బాపు నేర్పిన విద్య, ఆ ఇంటి పెద్దాయన ఓపిక, ఈ మూడూ కలిసొచ్చాయి.

నా తర్వాత ఆ ఇంటి కత్తుల గదిలో డ్యూటీ చేయడానికి ఇద్దరిని తీసుకున్నారు. అందులో ఒకామె మన కోరుట్ల పిల్లే. పెద్ద చదువు చదివింది. మొదటిరోజే అడిగింది: "అత్తమ్మా, నువ్వు రాసుకున్న నోట్సు ఏమన్న ఉన్నయా?"

లేవు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. కత్తులు చేసే బడుల పేర్లు, కమ్మరుల వంశాలు పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే నువ్వే బాగా చదువుకుంటావు బిడ్డా. పుస్తకాల్లో లేనిదొకటి నా దగ్గర ఉంది. అది నేను చేసిన తప్పు. దాని చుట్టూనే నా ఉద్యోగమంతా తిరిగింది.

కొలిమి దగ్గరి చదువు

మా బాపు జగిత్యాల దిక్కు కమ్మరి. నేను బడి మొహం చూడలేదు. కొలిమి తిత్తి ఊదుకుంటూ, నేలమీది బూడిదలో వేలితో అక్షరాలు దిద్దాను. బాపు ఒక అక్షరం రాసి కొడవలి కాల్చడానికి తిరిగేవాడు. అది ఎర్రబడే లోపల నేను పది సార్లు దిద్దాలి. అట్లా తెలుగు వచ్చింది, ఇనుమూ వచ్చింది.

కాలిన ఇనుము రంగు చూసి చెప్పాలి. ముదురు ఎరుపు, చెర్రి పండు ఎరుపు, నారింజ, ఎండుగడ్డి పసుపు. ఏ రంగులో నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, ఏ రంగులో ముంచితే పగులుతుంది, బాపు నోటితో ఎన్నడూ చెప్పలేదు. నేను తప్పు చెబితే మాత్రం, "కండ్లు కొలిమిల పెట్టు, నోరు ఇంటికాడ పెట్టు" అనేవాడు.

ఇంకొక అలవాటు కూడా ఆ ఇంటిదే. దసరా ముందు రోజు సుత్తి, దాగలి, పట్టుకారు, ఇంట్లోని కత్తిపీట దాకా అన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమాలి. మురికి పనిముట్టును దేవుడి ముందు పెడితే అన్నం పెట్టిన చేతిని అవమానించినట్టు. అవ్వ తోమేది, నేను తోమేదాన్ని. ఈ మాట గుర్తుంచుకో. దీని పని ముందుంది.

బాబా గది

మా ఆయన గంగారాం అప్పటికే మస్కట్‌లో ఒక కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్. ఆయనకు తెలిసినవాళ్ళ ద్వారా నాకు ఈ ఇంట్లో పని దొరికింది. ఇంటి పెద్దను అందరం బాబా అనేవాళ్ళం. పుట్టింది లవంగాల దీవి జాంజిబార్‌లో, పెరిగింది ఇక్కడ. వయసులో ఉన్నప్పుడు ఓడల పని మీద జపాన్ తిరిగాడట. అక్కడి స్నేహితుడు ఒక కత్తి బహుమతి ఇచ్చాడు. దానితో మొదలైన పిచ్చి పెద్ద గది నిండా పెరిగింది.

ఒకరోజు టీ ఇవ్వడానికి ఆ గదిలోకి వెళ్ళాను. బాబా ఒర తీసిన కత్తిని దీపం కింద వంచి చూస్తున్నాడు. నేను ట్రే పట్టుకుని నిలబడిపోయాను.

"ఏం చూస్తున్నావు?" అన్నాడు హిందీలో.

"దీని వీపుకూ అంచుకూ ఒకే పదును పెట్టలేదు బాబా. అంచొక్కటే గట్టిగా చేసి వీపు మెత్తగా వదిలారు. ఎట్లా చేశారో తెలుస్తలేదు."

బాబా కళ్ళద్దాలు తీశాడు. "నీకెవరు చెప్పారు?"

"ఆ తెల్ల గీత చెబుతోంది కదా."

అంచు పొడవునా పొగమంచు ఆగినట్టు ఒక తెల్లటి గీత ఉంటుంది. కత్తికి మట్టి పూసి, అంచు దగ్గర పల్చగా, వీపు దగ్గర మందంగా ఉంచి, కాల్చి నీళ్ళలో దించుతారు. అంచు ముందు చల్లారి గట్టిపడుతుంది. ఆ గీత అక్కడ పుడుతుంది. ఈ సంగతి ఆ రోజు బాబా చెబితే తెలిసింది. మా బాపు ఉంటే మూడు రోజులు అన్నం మానేసి దాని ముందు కూర్చునేవాడు అనుకున్నాను.

మర్నాటి నుంచి కత్తులు తుడిచే పని నాది. పాత నూనె మెత్తటి కాగితంతో తీయడం, సన్నటి రాతి పొడి మూటతో మెల్లగా అద్దడం, మళ్ళీ తుడిచి కొత్త నూనె పలుచగా పట్టించడం. ఆ నూనెలో లవంగం వాసన ఉంటుంది. బాబా సీసా మూత తీసి ఒక్కసారి పీల్చి, "మా అమ్మ ఇల్లు" అనేవాడు. ఒర తీసిన కత్తి మీద మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చ కడుతుంది. ఏసీ గదిలోని కత్తిని ఆగస్టు నెలలో బయటికి తేకూడదు. సముద్రపు గాలి తగిలిన క్షణంలో చల్లటి సీసాకు పట్టినట్టు చెమట పడుతుంది. ఇవన్నీ నేర్చుకున్నాను. బాబా నాకు నేర్పనిది ఒక్కటే మిగిలింది. అది నేర్పేలోపు ఆయన గుండె ఆపరేషన్‌కు వెళ్ళాల్సి వచ్చింది.

దసరా ముందు రోజు

ఆయన వెళ్ళే ముందు వారం సమాయిల్ అనే ఊరి నుంచి ఒక కత్తి వచ్చింది. అక్కడ ఖర్జూరం తోటలున్న ఖల్ఫాన్ అనే ఆయన బాబాకు చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళింటి గోడ మీద తుపాకుల మధ్య ఎన్నో ఏళ్ళుగా వేలాడింది. ఖల్ఫాన్ తండ్రికి ఒక ఇంగ్లీషు ఆఫీసరు ఇచ్చిపోయాడట. బర్మా యుద్ధం చివర లొంగిపోయిన జపాన్ సైనికుడి దగ్గర తీసుకున్నదట. ఒరకు ఒక చిన్న చెక్క బిళ్ళ కట్టి ఉంది. దాని మీద సిరాతో రాసిన పేరు, ఊరు.

బాబా ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ కత్తికి ఇంటివాళ్ళు ఉన్నారు. దొరికితే పంపించేస్తాను. మాట ఇస్తున్నాను," అన్నాడు. ఎవరికి మాట ఇచ్చాడో నాకప్పుడు తెలియలేదు. ఆ ఇంటివాళ్ళను వెతకమని జపాన్ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. కత్తి పిడి బిగుసుకుపోయి ఉంది, విప్పలేదు. "వచ్చాక చూస్తాను. నువ్వు పైన మాత్రం తుడిచిపెట్టు" అని వెళ్ళాడు.

ఆయన లేని రోజుల్లోనే దసరా వచ్చింది.

అంతకు ముందు రోజు ఆ కత్తి తుడుస్తుంటే పిడికి అడ్డంగా ఉన్న వెదురు చీల కదిలింది. మెల్లగా తట్టాను, ఊడింది. పిడిని కొంచెం కొంచెంగా కదిలిస్తే జారి వచ్చింది. లోపల, పిడిలోకి దిగే ఇనుప తోక నల్లగా, గరుకుగా, పొక్కులు కట్టి ఉంది. పైన అద్దంలా మెరిసే కత్తికి లోపల ఇంత మురికా అని నా ప్రాణం ఉసూరుమంది. బాబా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన బాగుండాలని నేను చేయగలిగింది ఏముంది? ఆయనకు ఇష్టమైన దాన్ని దేవుడి ముందు శుభ్రంగా పెట్టడం.

వంటింట్లో చింతపండు నానబెట్టాను. హాల్లో బఖూర్ అనే సాంబ్రాణి పొగ వేసే కుండలో మెత్తటి బొగ్గుల బూడిద ఉంది. గుడ్డ చుట్టిన బొటనవేలితో అరగంట తోమాను. నలుపు కరిగి పోయింది, కింద తెల్లటి ఇనుము బయటపడింది. చెక్కిన రెండు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. కడిగి, తుడిచి, ఆరబెట్టి, చిటికెడు కుంకుమ అద్ది దండం పెట్టుకుని, ఆ కుంకుమ తుడిచేసి, మళ్ళీ పిడి బిగించాను. మనసు నిండుగా అనిపించింది. ఆ రాజన్నే నా చేత చేయించాడు అనుకున్నాను.

బాబా ఆరోగ్యంగా తిరిగొచ్చాడు. రెండు వారాల తర్వాత నన్ను కూర్చోబెట్టి వేరే కత్తి పిడి విప్పాడు. అదీ లోపల నల్లగానే ఉంది.

"దీన్ని మాత్రం ఎన్నడూ ముట్టుకోవద్దు బింతీ." బింతీ అంటే నా బిడ్డా అని. "కత్తి వయసు ఇక్కడే ఉంటుంది. పైన ఎన్నిసార్లైనా సాన పడతారు. ఈ తుప్పును మాత్రం ఎవరూ తయారుచేయలేరు, కాలమే చేస్తుంది. కమ్మరి ఆకురాయి గీతలు, సంతకం, అన్నీ దీని కిందే భద్రంగా ఉంటాయి. దీన్ని తోమినవాడు కత్తి నోరు నొక్కేసినట్టే."

నేను తోమిన సంగతి చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరవలేదు.

ఊకున్న ఏళ్ళు

ఆ నెలలోనే ఆయన సమాయిల్ కత్తి పిడి విప్పాడు. మెరుస్తున్న తోకను చూసి తల పట్టుకున్నాడు. "ఖల్ఫాన్ ఇంట్లో ఎవరో కాఫీ కుండ తోమినట్టు తోమారు!"

ఖల్ఫాన్ వచ్చినప్పుడు నేనే కాఫీ పోశాను. "వల్లాహి, ఆ పిడి మా ఇంట్లో ఎవరూ విప్పలేదు," అని ఒట్టు వేశాడాయన. బాబా నవ్వాడు. ఆ నవ్వులో నమ్మకం లేదు, ఖల్ఫాన్‌కు అర్థమైంది. ఆ తర్వాత రాకపోకలు తగ్గాయి. పండుగకు ఖర్జూరాల బుట్ట వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు.

సెలవు రోజున గంగారాంకు చెప్పి ఏడ్చాను.

"ఊకో," అన్నాడు. "నువ్వు జేసింది నీకు ఎరుక, దేవునికి ఎరుక. ముసలాయన అడిగిండా? అడగలే. మరి నీకెందుకు? నోరు జారితె వీసా పోతది, ఇద్దరం బస్టాండ్ల పడ్తం."

"ఖల్ఫాన్ మీద పడ్డదయ్యా నింద."

"ఆయనకు తోటలున్నయ్, ఒంటెలున్నయ్. ఒక మాట పడ్తె ఏమైతది?"

నేనూ అట్లాగే సర్దిచెప్పుకున్నాను. చిన్న నింద, పెద్దమనిషి, మోస్తాడులే అని.

ఆ భయంతోనే పని మాత్రం గట్టిగా నేర్చుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ బాబా ఏది కొనాలన్నా ముందు నా ముందు పెట్టేవాడు. ఆయన గురించి ఒక నిజం చెప్పాలి. చాలామంది సేకర్తల్లాగే ఆయనకూ పేరు మీద మోజు. గొప్ప కమ్మరి సంతకం కనబడితే ఇనుము చూడడం మరిచిపోయేవాడు. ఆయన అందరికీ చూపించి మురిసే మూడు కత్తుల్లో రెండింటి సంతకాలు దొంగవని నేను చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు టీ రెండు కప్పులు తెప్పించి, "ఎట్లా తెలుసుకున్నావో మొదటి నుంచి చెప్పు," అన్నాడు. అట్లాంటి యజమాని దొరకడం అదృష్టం. కోపం వస్తుంది, పోతుంది. నేర్చుకునే బుద్ధి మాత్రం పోలేదు ఆయనకు.

బయటివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. అల్ అమెరాత్‌లో ఒక అర్బాబ్ కింద, అంటే అరబ్బు యజమాని కింద, చిన్న కాంట్రాక్టులు చేసే మస్తాన్ భాయ్ అని కడప ఆయన ఒకసారి పొడుగాటి పెట్టె మోసుకొచ్చాడు.

"అక్కా, ఒక్కసారి చూడండి. అస్లీ మాల్. ఐదొందల ఏళ్ళ నాటిదంట. మా అర్బాబ్ కొడుకు పెళ్ళికి ఇస్తాండా."

ఒర తీశాను. తెల్ల గీత ఉంది కానీ లోతు లేదు. గోడకు సున్నం గీసినట్టు పైపైన. దీపం కింద ఎట్లా తిప్పినా ఒకేలా ఉంది. ఆమ్లంతో పెట్టిన గీత. పిడికి వెదురు చీల బదులు మర మేకు. విప్పితే తోక మీద తుప్పు బదులు నల్ల రంగు, గోటితో గీస్తే ఊడింది.

"మస్తాన్ భాయ్, దీనికి ఎన్నేళ్ళు ఉంటయనుకున్నవ్?"

"ఐదొందలు అన్యాడక్కా వాడు."

"నీ చిన్న కొడుక్కు ఎన్నేళ్ళు?"

"ఏడు."

"వాడు దీనికి అన్న అయితడు."

ఆయన కత్తిని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. తర్వాత తనే పడీపడీ నవ్వాడు. "యా అల్లా! పరువు నిలబెట్నావక్కా. ఇప్పుడు అర్బాబ్‌కి ఏమని చెప్పల్ల?"

"నిజమే చెప్పు. కొత్త కత్తి, కేకు కోయడానికి పనికొస్తది అని."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను గదిలో ఒక్కదాన్నే మిగిలాను. నిజమే చెప్పు అని ఎంత సులువుగా అన్నానో! గోడవార పెట్టెలో సమాయిల్ కత్తి ఉంది.

మిచికో గారి కాగితం

పద్దెనిమిదేళ్ళకు ఆ చెక్క బిళ్ళ మీది ఇంటిపేరు వాళ్ళు దొరికారు. ఒక చలికాలం ఇద్దరు వచ్చారు. ఒకరు మిచికో గారు, డెబ్బై దాటిన సన్నని మనిషి. ఆ కత్తి మోసుకుని యుద్ధానికి వెళ్ళిన ఆయన కూతురు. లొంగిపోయాక కూడా ఆయన ఇంటికి తిరిగి రాలేదు, కూతురు ఆయన ముఖం ఎరగదు. రెండోవారు జపాన్‌లో కత్తులు పరీక్షించే పెద్దమనిషి.

మిచికో గారు పట్టు గుడ్డలో చుట్టిన కాగితం విప్పారు. వాళ్ళ తాతల కాలంలో కత్తి తోక మీద పల్చటి కాగితం పెట్టి సిరా రుద్ది తీసిన అచ్చు. పురుగులు తిని సగమే మిగిలింది. రెండు అక్షరాల సంతకం, కొసన ఏటవాలు గీతలు కొన్ని, చీల రంధ్రాలు రెండు.

బాబా స్వయంగా పిడి విప్పి కత్తి ముందు పెట్టాడు. పెద్దమనిషి ఒక్కసారి చూసి వెనక్కి ఒరిగాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నాకు అర్థమైంది.

"అక్షరాలు పోలుతున్నాయి. కానీ ఈ కమ్మరి సంతకానికి నకళ్ళు చాలా ఉన్నాయి. నకలు కూడా ఇట్లాగే పోలుతుంది. తేడా చెప్పాల్సింది తుప్పు. అది లేదు. తోక తోమారంటే ఎవరో ఏదో దాచడానికే తోమి ఉంటారు. చెక్క బిళ్ళ మీ నాన్నగారిదే కావచ్చు. కత్తి వేరొకటి తెచ్చి కట్టి ఉండొచ్చు. నేను అవునని చెప్పలేను."

"మోసం కాదు. సమాయిల్‌లో మా స్నేహితుడి ఇంట్లో తెలియక చేశారు," అన్నాడు బాబా.

"వాళ్ళు ఒప్పుకున్నారా?"

బాబా తల అడ్డంగా ఊపాడు.

మిచికో గారు కాగితాన్ని మడతలు చెడకుండా మళ్ళీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. ఆ చేతులనే చూస్తున్నాను. ఇంకో రెండు మడతలు పడితే ఆమె తండ్రి కత్తి మళ్ళీ పెట్టెలోకి పోతుంది. బాబా ఇచ్చిన మాట పోతుంది. రాజన్నా, నా నోరు తెరిపించు అనుకున్నాను.

"నేనే తోమాను," అన్నాను.

బాబా తల తిప్పి చూశాడు. పెద్దమనిషి మాత్రం డాక్టరు రోగిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు?"

"ఇది ఈ ఇంటికి వచ్చిన మూడో వారంలో."

"దేనితో?"

"చింతపండు, బొగ్గు బూడిద."

"బ్రష్షా?"

"గుడ్డ. బొటనవేలికి చుట్టుకుని."

"ఎంతసేపు?"

"అరగంట."

"ఎందుకు?"

ఆ ఒక్కదానికి జవాబు కష్టమైంది. "మా ఇంట్లో పనిముట్టును దేవుడి ముందు మురికిగా పెట్టరు," అన్నాను.

ఆయన కాసేపు నా బొటనవేలు చూశాడు. "తోమే ముందు ఎట్లా ఉంది?"

"నల్లగా, గరుకుగా. చిన్న చిన్న పొక్కులు. ఎరుపు ఎక్కడా లేదు."

ఆయన భూతద్దం, సన్నటి దీపం తీశాడు. తోకను కాదు, చీల రంధ్రంలోకి చూశాడు. తర్వాత రెండో రంధ్రం. తర్వాత అక్షరాల గాట్ల అడుగు. ఆఖరికి వీపు పక్క అంచు. నన్ను పిలిచి అద్దం నా చేతికి ఇచ్చాడు.

రంధ్రం లోపలి గోడ నల్లగా ఉంది. నా వేలు అక్కడికి పోలేదు. అక్షరాల గాట్ల అడుగున కూడా సన్నటి నల్ల దారం మిగిలింది. దొంగ సంతకం ఈమధ్య చెక్కి ఉంటే ఆ అడుగు కూడా తెల్లగానే ఉండాలి. వీపు పక్కన బొటనవేలు జారిపోయిన చోట ఆకురాయి గీతలు నాలుగు మిగిలాయి. కాగితం మీది గీతల వాలు, వీటి వాలు ఒక్కటే.

"ఈమె చెప్పకపోతే నేను రంధ్రంలోకి చూసేవాడిని కాదు," అన్నాడాయన. "చూసినా, వెనక మోసం ఉందనే అనుకునేవాడిని." మిచికో గారి వైపు తిరిగి జపాన్ భాషలో రెండే మాటలు అన్నాడు.

ఆమె లేచి నిలబడ్డారు. కత్తి వైపు చూడకుండా ముందు నా వైపు వచ్చి ఏదో అడిగారు. పెద్దమనిషి చెప్పాడు: "చింతపండు అంటే ఏమిటో చూపిస్తారా అంటున్నారు."

వంటింట్లోంచి తెచ్చాను. ఆమె చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. మొహం చిట్లించారు, నవ్వారు. అప్పుడు వెళ్ళి కత్తి ముందు కూర్చుని రెండు చేతులూ నేల మీద పెట్టి తల వంచారు. చాలాసేపు ఎత్తలేదు.

సమాయిల్

వాళ్ళు హోటల్‌కు వెళ్ళాక బాబా నన్ను పిలిచాడు.

"పద్దెనిమిదేళ్ళు."

"అవును బాబా."

"ఖల్ఫాన్ ఒట్టు వేశాడు. నేను నవ్వాను."

"అవును బాబా."

"పని నుంచి తీసేస్తానని భయపడ్డావా?"

"భయపడ్డాను."

"తీసేసేవాడినే," అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, "రేపు సమాయిల్ వెళ్దాం. నువ్వే చెప్పాలి," అన్నాడు.

మర్నాడు సమాయిల్ వెళ్ళాం. ఖల్ఫాన్ బాగా ముసలివాడయ్యాడు. తోటలో చాప పరిచి కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు పెట్టి, కాఫీ ఆయనే పోశాడు. నేను మొత్తం చెప్పాను. బాబా ఆయన భుజం మీద తల ఆనించి క్షమాపణ అడిగాడు.

ఖల్ఫాన్ ఖాళీ కప్పును వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు. "నువ్వు నమ్మకపోవడం పెద్ద విషయం కాదు," అన్నాడు బాబాతో. "నీ మాట విని ఇంటికొచ్చి నా భార్యను అడిగాను. కాఫీ కుండలు తోమేది ఆమే కదా. కాదని ఒట్టు వేసింది. నేనూ నవ్వాను, నీలాగే. ఆమె పోయి ఆరేళ్ళు."

నేను కాఫీ కప్పు చాప మీద పెట్టాను.

"ఆమె పేరేంటి బాబా?" అని ఆయన్ను కూడా అట్లాగే పిలిచి అడిగాను.

"శంసా."

ఆయన నా మీద కోపపడలేదు. వెళ్ళేటప్పుడు ఖర్జూరాల బుట్ట బండిలో పెట్టించాడు. తిట్టి ఉంటే కొంత తేలికపడేదాన్ని.

గంగారాంకు చెబితే ఆయన తల వంచుకున్నాడు. "ఒక మాట పడ్తె ఏమైతది అన్న గదనే నేను," అన్నాడు.

తుప్పు

బిడ్డా, ఈ పనిలో తప్పులు చేస్తావు. కత్తి చేయి జారుతుంది, తేదీ నూరేళ్ళు అటూ ఇటూ చెబుతావు, దొంగ సంతకానికి దండం పెడతావు. నేనూ చేశాను, బాబా చేశాడు. అవి దిద్దుకునేవే. తప్పు చేసిన రోజే చెప్పు. ఆ మాట ఆలస్యమైతే నింద నీకు తెలియని ఇళ్ళలోకి వెళ్తుంది. నువ్వెన్నడూ చూడని మనిషి దాన్ని మోస్తుంది. కత్తికి దాని పేరు తిరిగి వచ్చింది. శంసాకు నేను తిరిగి ఇవ్వగలిగింది లేదు. ప్రతి సోమవారం దీపం పెట్టినప్పుడు ఆ పేరు తలచుకుంటాను. అది సరిపోదని నాకు తెలుసు.

బాబా నన్ను పని నుంచి తీసేయలేదు. బాబా పోయే ముందు రెండు మూడేళ్ళు ఖల్ఫాన్ ప్రతి వారం వచ్చేవాడు. ఇద్దరూ కత్తుల గదిలో కూర్చుని లవంగ నూనె సీసా వాసన చూసుకునేవాళ్ళు. బాబా పోయి రెండేళ్ళు. ఆయన్ను ఇచ్చిన దేవుడికి, నా దేవుడైనా ఆయన దేవుడైనా, రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను.

కాగితాలన్నీ పూర్తయి ఆ కత్తి జపాన్‌లో మిచికో గారి ఇంటికి చేరింది. వెళ్ళేటప్పుడు ఆ పెద్దమనిషిని నేను ఒకటే అడిగాను: ఆ తుప్పు మళ్ళీ వస్తుందా? "వస్తుంది. పూర్తిగా నల్లబడ్డది మీరూ నేనూ చూడం. ఎవరూ ముట్టుకోకపోతే చాలు," అన్నాడు.

మిచికో గారు ఏడాదికి ఒకసారి పిడి విప్పి తోక ఫొటో తీసి పంపిస్తారు. మాటలేమీ రాయరు. ఇప్పటికి ఆరు ఫొటోలు వచ్చాయి. మొదటి దాంట్లో తెల్లగానే ఉంది. మూడో ఏట పలుచటి టీ ఒలికినట్టు ఒక మచ్చ. నిన్న వచ్చిన దాంట్లో ఆ గోధుమ రంగు అక్షరాల దాకా పాకింది. ఫొటోను దీపం పక్కన పెట్టి దండం పెట్టుకున్నాను. ఇనుముకు తుప్పు పట్టాలని మొక్కుకున్న కమ్మరి బిడ్డ మా వంశంలో నేనొక్కదాన్నే.